నల్ల బంతికి నాలుగు రంధ్రాలు: అణువుల నమూనా పెట్టె, ఆరు వారాలు వాడాక

విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో ల్యాబ్ సామాన్లు అమ్మే ఒక కొట్టులో జూన్ ఆఖరి వారంలో ఈ పెట్టె కొన్నాను. 1,180 రూపాయలు, బేరం లేదు. పెట్టె మీదున్న కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇవే బంతులు, ఇవే పుల్లలు నాలుగైదు పేర్లతో దొరుకుతున్నాయి. కొట్టతను మూడు పెట్టెలు పక్కపక్కన విప్పి చూపిస్తే అట్ట మీది బొమ్మ తప్ప నాకు తేడా కనబడలేదు. ఏ పేరుతో కొన్నా ఇంచుమించు ఇదే వస్తుంది గనుక, కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రులకీ తోటి టీచర్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముప్పై ఒక్క ఏళ్ళు ఉన్నత పాఠశాలల్లో ఫిజికల్ సైన్స్ చెప్పాను. రిటైరయ్యాక గోపాలపట్నంలో మా మేడ మీద సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా పదో తరగతి పిల్లలు పదకొండు మందికి చెబుతున్నాను. రసాయన బంధం పాఠం వస్తోందంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు గుబులే. మిగతా పాఠాల్లో చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. కటకం పెడితే గోడ మీద ప్రతిబింబం పడుతుంది, ఆమ్లం చుక్క వేస్తే లిట్మస్ ఎర్రబడుతుంది. బంధం దగ్గరికొచ్చేసరికి బోర్డు మీద చుక్కలూ ఇంటూ గుర్తులే దిక్కు. పిల్లలు వాటిని చుక్కల ముగ్గులా నేర్చుకుంటారు, పరీక్షలో ముగ్గులాగే దించేస్తారు. మార్కులు వస్తాయి. రెండు పరమాణువులు ఎందుకు పట్టుకుని ఉంటాయో మాత్రం తెలియదు.

ఇన్నాళ్ళూ నా నమూనా సామాను నానబెట్టిన శనగలు, చీపురు పుల్లలు. పది రూపాయల్లో క్లాసంతా అయిపోయేది, పాఠం అయ్యాక శనగలు తాలింపు వేసుకునేవాళ్ళం. దానికి ఇప్పటికీ నేను వ్యతిరేకిని కాను. ఒకే ఒక్క దగ్గర అది దెబ్బ కొడుతుంది. మీథేన్ చెయ్యమంటే ప్రతి పిల్లా బల్ల మీద శనగ పెట్టి నాలుగు వైపులా నాలుగు పుల్లలు గుచ్చి కూడలి బొమ్మలా పరుస్తుంది. బోర్డు మీద నేను గీసింది అలాగే ఉంటుంది మరి. తొంభై డిగ్రీల కోణాలతో, అప్పడంలా చదునుగా. అది తప్పని నోటితో చెప్పగలను గానీ శనగ నా మాట వినదు, పుల్ల ఎటు గుచ్చితే అటే నిలబడుతుంది.

ఈ పెట్టెలో మెచ్చుకోవాల్సిన మొదటి సంగతి అదే. ఇక్కడ రంధ్రం మన మాట వినదు.

నల్ల బంతులు పన్నెండు ఉన్నాయి, అవి కార్బన్. ఒక్కోదానికి నాలుగు రంధ్రాలు. హైడ్రోజన్‌కి ఒక్క రంధ్రంతో తెల్లవి ముప్పై, ఆక్సిజన్‌కి రెండు రంధ్రాలతో ఎర్రవి పది, నైట్రోజన్‌కి నీలం నాలుగు, క్లోరిన్‌కి ఆకుపచ్చ నాలుగు, ఇంకా పసుపువీ ఊదావీ రెండేసి. గట్టి పొట్టి పుల్లలు నలభై, వంగే పొడవాటివి పన్నెండు. నల్ల బంతికి తెల్లవి నాలుగు తొడిగి బల్ల మీద పెడితే మూడు కాళ్ళ మీద నిలబడి ఒకటి పైకి చూస్తుంది. ఎటు తిప్పి పెట్టినా అంతే. మొదటి రోజు వెంకటాపురం వైపు నుంచి వచ్చే అమ్మాయి ఒకతి దాన్ని నాలుగైదుసార్లు తిప్పి తిప్పి పెట్టి, "ఏటి టీచర్, దీనికి పైనా కిందా లేదేటి?" అంది. ఆ ఒక్క ప్రశ్నకి నా 1,180 రూపాయలు తిరిగొచ్చాయి. నాలుగు బంధాల్లో ఏదీ పెద్దది కాదు, ఏదీ చిన్నది కాదు, ఏ రెండింటి మధ్య చూసినా 109 డిగ్రీల 28 నిమిషాలే. బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా ఆ అంకె పిల్లల కళ్ళలోకి వెళ్ళదు. చేతిలో పెట్టగానే వెళ్ళింది.

మన పిల్లలు చదునుగా చెయ్యడం తెలివితక్కువతనం కాదని చెప్పడానికి ఒక పాత సంగతి చెబుతాను. 1865లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త క్రోకే (పచ్చిక మీద సుత్తితో బంతిని కొట్టే ఆట) బంతులకి రంగులు వేసి పుల్లలతో కలిపి అణువుల్ని చూపించాడు. కార్బన్ నలుపు, హైడ్రోజన్ తెలుపు, ఆక్సిజన్ ఎరుపు, నైట్రోజన్ నీలం, క్లోరిన్ ఆకుపచ్చ. నూట అరవై ఏళ్ళయినా డాబా గార్డెన్స్ కొట్టులో దొరికే పెట్టెలో అవే రంగులు. ఆయన చేసిన మీథేన్ కూడా చదునుదే! తొమ్మిదేళ్ళ తర్వాత, 1874లో, వాంట్ హాఫ్, లె బెల్ అనే ఇద్దరు యువకులు విడివిడిగా ఆలోచించి, కార్బన్ బంధాలు చతుర్ముఖి (నాలుగు త్రిభుజ ముఖాలున్న ఆకారం) మూలల వైపు చూస్తాయని అన్నారు. వాంట్ హాఫ్ అయితే అట్టముక్కలతో చతుర్ముఖులు చేసి తోటి శాస్త్రవేత్తలకి పంపించాడు. 1901లో రసాయన శాస్త్రానికి మొట్టమొదటి నోబెల్ ఆయనకే ఇచ్చారు (వేరే పనికి). ఇది చెప్పాక, చదును మీథేన్ చేసిన కుర్రాళ్ళు తలెత్తుకుని కూర్చున్నారు.

ఇక లోపాలు. మొదటిది ఎర్ర బంతిలో ఉంది.

నీటి అణువు చేస్తే వంపు తిరిగి వస్తుంది, అంతవరకు బాగుంది. ఎందుకు వంగిందో మాత్రం ఈ ఎర్ర బంతి చెప్పదు. రెండు రంధ్రాలూ వంకరగా తొలిచారు గనుక వంగింది, అంతే. నిజానికి ఆక్సిజన్ చుట్టూ నాలుగు ఎలక్ట్రాన్ జంటలు ఉంటాయి. రెండు జంటలు హైడ్రోజన్లతో పంచుకున్నవి, రెండు ఎవరితోనూ పంచుకోని ఒంటరి జంటలు. నాలుగూ ఒకదాన్నొకటి నెట్టుకుని వీలైనంత దూరం జరుగుతాయి. ఒంటరి జంటలు ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి గనుక పంచుకున్న జంటలు దగ్గరికి నొక్కుకుంటాయి. అందుకే మీథేన్‌లో 109.5 డిగ్రీలున్న కోణం, ఒక ఒంటరి జంట ఉన్న అమ్మోనియాలో సుమారు 107కీ, రెండున్న నీటిలో 104.5కీ తగ్గుతుంది. 1957లో గిలెస్పీ, నైహోమ్ అనే రసాయన శాస్త్రవేత్తలు ఈ నెట్టుడు లెక్కతోనే అణువుల ఆకారాలు ముందుగా చెప్పొచ్చని చూపించారు. మా పెట్టెలో మీథేన్‌కీ అమ్మోనియాకీ నీటికీ ఒకటే కోణం, కోణమానిని పెట్టి కొలిచాం. ఒంటరి జంటలకి రెక్కల్లాంటి ముక్కలు పెట్టే ఖరీదైన రకాలు ఉన్నాయని కొట్టతను చెప్పాడు, తెప్పించాలంటే పది రోజులన్నాడు. మేం బెలూన్లతో సరిపెట్టుకున్నాం. సమానంగా ఊదిన నాలుగు బెలూన్ల మూతులు ఒక్కచోట ముడేస్తే, ఎవరూ సర్దకుండానే చతుర్ముఖిలా విచ్చుకుంటాయి. రెండు బెలూన్లు తీసి వాటి స్థానంలో ఇంకా పెద్దగా ఊదినవి కట్టాం. మిగతా రెండూ దగ్గరికి జరిగాయి. ఎర్ర బంతి చెప్పని పాఠం ఇరవై రూపాయల బెలూన్లు చెప్పాయి. ఈ పెట్టె కొనేవాళ్ళు ఒక బెలూన్ల పొట్లం కూడా కొనుక్కోండి.

రెండో లోపం పెట్టె తయారుచేసినవాళ్ళది కాదు, ఈ రకం నమూనా అన్నిటిదీ. పుల్ల. బంధం అంటే పుల్ల అని పిల్లలు నమ్మేస్తారు. "టీచర్, ఆ పుల్ల దేంతో చేస్తారు?" అని ఒకడు అడిగాడు. నవ్వే ప్రశ్న కాదది. ఎవరైనా నిలబడి జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

ఆ కుర్రాడి తాతగారిది జాలరిపేట. అందుకని ఒడ్డు నుంచి లాగే పెద్ద వల గుర్తు చేశాను. రెండు తాళ్ళు, రెండు జట్లు. మొదట్లో జట్లు రెండూ దూరదూరంగా నిలబడతాయి. వల ఒడ్డుకి వస్తున్నకొద్దీ ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు జరుగుతారు. ఒకరినొకరు లాక్కోవడం లేదు, ఇద్దరూ ఒకే వలని లాగుతున్నారు, అందుకే దగ్గరవుతున్నారు. రెండు హైడ్రోజన్ పరమాణువుల సంగతి కూడా అదే. ఒక్కోదాని దగ్గర ఒక్క ఎలక్ట్రాన్. రెండు కేంద్రకాలూ ధనావేశం ఉన్నవే, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. మధ్యలో ఉన్న రెండు ఎలక్ట్రాన్లనీ మాత్రం రెండూ లాగుతాయి. ఆ లాగుడులో దగ్గరకొస్తాయి. మరీ దగ్గరైతే కేంద్రకాల నెట్టుడు గెలుస్తుంది. లాగుడూ నెట్టుడూ సరిసమానమయ్యే దూరం ఒకటుంది: 74 పికోమీటర్లు (పికోమీటరంటే మీటరులో లక్ష కోట్లో వంతు). అక్కడ శక్తి అన్నిటికంటే తక్కువ. దాన్నే బంధదైర్ఘ్యం అంటాం. మధ్యలో పుల్లా లేదు, జిగురూ లేదు. ఎలక్ట్రాన్లని జంటగా పంచుకుంటాయన్న మాట 1916లో లూయిస్ అనే రసాయన శాస్త్రవేత్త చెప్పాడు, సమయోజనీయ బంధం అని మనం తెలుగు చేసుకున్న మాట 1919లో లాంగ్‌ముయిర్ పెట్టాడు. అప్పటికి ఇంకా ఆ జంట ఎందుకు అంత బలంగా పట్టుకుంటుందో తెలియదు. దానికి క్వాంటం సిద్ధాంతం రావాల్సి వచ్చింది. పదో తరగతికి వల చాలు.

ఇంకొకటి, ఆ పుల్ల కదలదు. నిజం బంధం ఊరికే ఉండదు, స్ప్రింగులా సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. కార్బన్ హైడ్రోజన్ బంధం సెకనుకి దాదాపు 90 లక్షల కోట్ల సార్లు అలా ఊగుతుంది. ఆ ఊపు కాంతి మీద వేసే ముద్రని చదవడమే రామన్ వర్ణపటం. రామన్‌తో కలిసి పనిచేసిన సూరి భగవంతం గారు 1930ల్లో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ పనినే సాగించారు. మా మేడ మీంచి చూస్తే సింహాచలం కొండ కనబడుతుంది, యూనివర్సిటీ ఊరికి తూర్పున, సముద్రం దగ్గర. బంధాల కంపనాల్ని చూసిన గదులు మన ఊళ్ళోనే ఉండేవని చెబితే పిల్లలు ఒక్క నిమిషం అటువైపు చూశారు. ఇలాంటివి పాఠం మధ్యలో చెప్పడం నా అలవాటు, సిలబస్ పూర్తి కాదని తోటి టీచర్లు కోప్పడేవారు.

కొలతల విషయంలో మేం ఒక సాయంత్రం స్కేలు పట్టుకుని కూర్చున్నాం. రెండు నల్ల బంతుల నడుముల మధ్య దూరం 3.1 సెంటీమీటర్లు. నిజం కార్బన్ కార్బన్ ఏకబంధం 154 పికోమీటర్లు. అంటే ఈ పెట్టెలో అణువులు సుమారు 20 కోట్ల రెట్లు పెద్దవి. మీటరున్నర పొడవున్న పిల్లని అన్ని రెట్లు పెంచితే మూడు లక్షల కిలోమీటర్లు, చందమామ దాకా చాలా మటుకు వెళ్ళిపోతుంది. ఈ లెక్క వాళ్ళే చేశారు, నేను సున్నాలు లెక్కపెట్టాను అంతే. అదే కొలతలో కార్బన్ హైడ్రోజన్ దూరం 2.2 సెంటీమీటర్లే ఉండాలి (నిజానికి 109 పికోమీటర్లు), పెట్టెలో 2.7 వచ్చింది. అన్ని ఏకబంధాలకీ ఒకే పొట్టి పుల్ల ఇస్తే అంతే మరి. పట్టించుకోనక్కర్లేని తప్పు.

వంగే పొడుగు పుల్లలు మాత్రం ఎంతో బాగున్నాయి. రెండు నల్ల బంతుల మధ్య రెండు వంచి తొడిగితే ద్విబంధం. ఏకబంధాన్ని పట్టుకుని తిప్పితే గిర్రున తిరుగుతుంది, ద్విబంధాన్ని తిప్పితే తిరగదు. "ఇరుక్కుపోనాది టీచర్" అన్నాడు ఒకడు. సరిగ్గా అదే. తిరగదు గనుకే ఒకే సూత్రం ఉన్న రెండు పదార్థాలు రెండు ఆకారాల్లో ఉండగలవు. బంతులు దగ్గరికి జరగడం కూడా కనబడుతుంది. నిజంగానే ఏకబంధం 154 అయితే ద్విబంధం 134, త్రిబంధం 120 పికోమీటర్లు. ఒక్క మాట పక్కన చెప్పుకోవాలి. ఇక్కడ రెండు పుల్లలూ ఒకేలా వంగి ఒకే బలంతో ఉంటాయి, అసలు ద్విబంధంలో రెండోది మొదటిదానికంటే బలహీనం. మోలుకి (అణువుల్ని లెక్కపెట్టే పెద్ద గుత్తి) ఏకబంధం సుమారు 348 కిలోజౌళ్ళు, ద్విబంధం సుమారు 614. రెండింతలు అయితే 696 ఉండాలి. ఆ తక్కువైన 82 కిలోజౌళ్ళు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

పెట్టెలో పెట్టిన కాగితం గురించి కోపంగానే రాస్తాను. ఇంగ్లిషులో నాలుగు పేజీలు, చేసి చూడాల్సిన అణువుల పట్టిక. అందులో ఏడోది సోడియం క్లోరైడ్: ఒక ఊదా బంతి, ఒక ఆకుపచ్చ బంతి, మధ్యలో ఒక పుల్ల. ఇది పిల్లల చేతికి ఇవ్వకూడని బొమ్మ. ఉప్పులో అణువులు లేవు. సోడియం తన ఎలక్ట్రాన్‌ని ఇచ్చేస్తుంది, క్లోరిన్ తీసుకుంటుంది, ఆపైన ఎవరి జంట ఎవరన్నది లేదు. ఒక్కో సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్‌లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు, ఉప్పు పలుకు అంచు దాకా అదే వరస. అందుకే అది కరగాలంటే 801 డిగ్రీలు కావాలి. నౌపడ ఉప్పు ఎరగని ఇల్లు మనవైపు ఉండదు. ఒక గుప్పెడు కల్లుప్పు తెచ్చి భూతద్దంతో చూపించాను. పగిలిన ముక్కలు కూడా చదునైన ముఖాలతో, నిలువు మూలలతో ఉంటాయి. లోపలి వరస బయటికి కనబడుతోంది. ఆ కాగితంలో ఏడో బొమ్మని అందరి చేతా అడ్డంగా కొట్టించాను. ఈ పెట్టె సమయోజనీయ బంధాలకే, అయానిక బంధానికి కాదు. అట్ట మీద ఆ ఒక్క వాక్యం వేసి ఉంటే బాగుండేది.

నీటి అణువులు ఒకదానికొకటి అంటుకుని ఉండడం, అంటే హైడ్రోజన్ బంధం, చూపించడానికీ ఇందులో ఏమీ లేదు. ఆ పనికి ఎర్ర బంతికీ పక్క అణువు తెల్ల బంతికీ మధ్య దారం కట్టాను. పని గడిచింది.

ఇక అసలు విషయానికొస్తాను. ఈ పెట్టె చేతి వేళ్ళకి ఒక సగం నిజాన్నీ ఒక పూర్తి అబద్ధాన్నీ నేర్పుతుంది. పుల్ల పీకాలంటే బలం కావాలి. బంధం తెంచాలంటే శక్తి పెట్టాలి, ఇది నిజం. కానీ పుల్ల తొడగడానికి కూడా బలం కావాలి, కొత్త పెట్టెలో అయితే అరచెయ్యి నొప్పెడుతుంది. అసలు జరిగేది దానికి పూర్తిగా ఎదురు. బంధం ఏర్పడితే శక్తి బయటికొస్తుంది. రెండు హైడ్రోజన్లు కలిస్తే మోలుకి 436 కిలోజౌళ్ళు వదులుతాయి, విడదియ్యాలంటే సరిగ్గా అంతే తిరిగి పెట్టాలి. ఇంటర్ పాసైన పిల్లలు కూడా "బంధం తెగితే శక్తి వస్తుంది కదా టీచర్" అని నాతో వాదించారు. గ్యాస్ మండితే వేడి వస్తుంది గనుక, ఏదో తెగింది గనుక వేడి వచ్చిందని వాళ్ళ లెక్క.

అందుకని ఆ సాయంత్రం స్టవ్వు మంటని బల్ల మీద చేశాం. ఒక మీథేన్, రెండు ఆక్సిజన్ అణువులు. నల్లది ఒకటి, తెల్లవి నాలుగు, ఎర్రవి నాలుగు, పొట్టి పుల్లలు నాలుగు, పొడుగువి నాలుగు. అన్నీ విప్పేశాం. విప్పిన ప్రతి పుల్లకీ ఖర్చు రాశాం: కార్బన్ హైడ్రోజన్ బంధాలు నాలుగు, ఒక్కోటి 413, ఆక్సిజన్ ద్విబంధాలు రెండు, ఒక్కోటి 498. మొత్తం 2,648 కిలోజౌళ్ళు ఖర్చు. అవే ముక్కలతో ఒక కార్బన్ డై ఆక్సైడ్, రెండు నీళ్ళు కట్టాం. ఒక్క బంతి మిగల్లేదు, ఒక్క పుల్ల తక్కువ కాలేదు. ఇప్పుడు జమ: కార్బన్ ఆక్సిజన్ ద్విబంధాలు రెండు, ఒక్కోటి 799, ఆక్సిజన్ హైడ్రోజన్ బంధాలు నాలుగు, ఒక్కోటి 463. మొత్తం 3,450. జమలోంచి ఖర్చు తీస్తే 802. అన్నం ఉడికించేది ఆ 802. తెంచినందుకు రాలేదు, కట్టినందుకు వచ్చింది. వెంకటాపురం అమ్మాయి నోటుబుక్కులో ఆ చివరి వాక్యం కింద రెండు గీతలు గీసుకుంది.

ఆ అమ్మాయే మర్నాడు అడిగింది, "స్టైరీన్ కట్టగలమా టీచర్, దీంతో?"

ఊళ్ళోవాళ్ళకి చెప్పక్కర్లేదు. 2020 మే 7, తెల్లారకముందు, వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చింది. లాక్‌డౌన్ రోజులు, అందరం ఇళ్ళల్లోనే ఉన్నాం. మా సందులో ఎవరో తలుపులు బాదుతూ వెళ్ళారు. ముక్కూ కళ్ళూ మండే వాసన. తడిగుడ్డ ముఖానికి కట్టుకుని సింహాచలం వైపు నడిచాం, వెనకాల ఎవరు పడిపోయారో చూసే ధైర్యం లేదు. పన్నెండు మంది చనిపోయారు. అప్పటికి ఈ పిల్లలు చాలా చిన్నవాళ్ళు. ఆ అమ్మాయి నాన్నమ్మ మంచం మీదే స్పృహ తప్పిందట, బతికింది. ఇంట్లో ఇప్పటికీ దాన్ని "ఆ గేసు" అనే అంటారట. దానికొక ఆకారం ఉంటుందని, దాన్ని చేత్తో పట్టుకోవచ్చని ఆ పిల్లకి ఈ పెట్టె చూశాకే తట్టింది.

కట్టాం. కార్బన్లు ఎనిమిది, హైడ్రోజన్లు ఎనిమిది. ఆరు నల్ల బంతుల ఉంగరం, ఒకటి విడిచి ఒకటి ద్విబంధం. (నిజానికి ఉంగరంలో ఆరు బంధాలూ ఒకటే, 140 పికోమీటర్లకి అటూ ఇటూ. పుల్లలు ఆ సమాన పంపకాన్ని చూపించలేవు.) ఉంగరానికి ఒక మూల రెండు కార్బన్ల తోక, ఆ తోకలో ఇంకో ద్విబంధం. పొడుగు పుల్లలు ఎనిమిది పట్టాయి, సరిపోయాయి. చేతిలో పెడితే అరచెయ్యంత ఉంది. పిల్లలెవరూ మాట్లాడలేదు.

ఆ తోకలోనే ఉంది అంతా. ద్విబంధంలో బలహీనమైన రెండో సగం తెరుచుకుంటే ఒక స్టైరీన్ పక్క స్టైరీన్‌ని పట్టుకుంటుంది, అది ఇంకోదాన్ని. అలా గొలుసు కడితే పాలీస్టైరీన్, మనం చూసే థర్మాకోల్ దాంతోనే చేస్తారు. దాన్ని పూర్తిగా చూపించడానికి నల్ల బంతులు చాలవు, రెండు స్టైరీన్లకే పదహారు కావాలి. అందుకని తోక మాత్రమే తీసుకుని, మిగిలిన నాలుగు నల్ల బంతులతో ఆ తోకలాంటి చిన్న అణువులు, రెండు ఎథిలీన్లు చేసి, ఒక్కోదాంట్లో ఒక పొడుగు పుల్ల విప్పి, పొట్టి పుల్లతో కలిపాం. ఇప్పుడు లెక్క పిల్లలే చేశారు: ఒక ద్విబంధం తెంచడానికి 614, దాని బదులు రెండు ఏకబంధాలు, 696. మిగిలింది 82. ఇందాక గుర్తుపెట్టుకోమన్న 82. స్టైరీన్‌కి కొలిస్తే మోలుకి సుమారు 70 కిలోజౌళ్ళు వస్తుంది. ఒక్కో కొక్కెం తగిలినప్పుడల్లా అంత వేడి. ఆ వేడికి పక్కవి ఇంకా తొందరగా తగులుకుంటాయి, ఇంకా వేడి. అందుకే స్టైరీన్‌ని చల్లగా ఉంచాలి, గొలుసు కట్టకుండా ఆపే మందు కలిపి ఉంచాలి. ఆ రాత్రి నిల్వ ట్యాంకులో ఈ గొలుసే తనంతట తాను మొదలై వేడి పెరిగిందని ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. 145 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం, ఎవరూ మంట పెట్టకుండా, బంధాలు ఏర్పడిన వేడికే ఆవిరై మన వీధుల్లోకి వచ్చింది.

గొలుసుకి రెండు చివర్లా ఒక్కో రంధ్రం ఖాళీగా ఉండిపోయింది. "ఇక్కడ ఎవులు పట్టుకుంటారు టీచర్?" అని ఒకడు వేలు పెట్టి చూపించాడు. ఇంకో అణువు, అది దొరికినంతసేపూ ఇంకోటి అని చెప్పాను.

ఇక కొనేవాళ్ళకి పనికొచ్చే చిల్లర సంగతులు. విప్పగానే ప్లాస్టిక్ వాసన వచ్చింది, రెండు రోజులు ఎండ తగలని చోట గాలికి పెడితే పోయింది. రెండు తెల్ల బంతులకి రంధ్రం సగమే తొలిచి ఉంది, తీసుకెళ్ళి చూపిస్తే కొట్టతను మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చాడు. పుల్లలు పీకే పనిముట్టు ఇందులో లేదు. పిల్లలు పళ్ళతో లాగుతారు, ఒప్పుకోకండి, చిన్న పట్టకారు ఒకటి పక్కన పెట్టండి. ఇంట్లో నడక నేర్చే పిల్లలుంటే తెల్ల బంతులు గొంతులో పడే పరిమాణం, జాగ్రత్త. పెట్టె మూత గట్టిగా పడదు, నేను స్టీలు టిఫిన్ డబ్బాలోకి మార్చేశాను. ఆరు వారాల్లో పదకొండు మంది చేతుల్లో నలిగినా ఒక్క పొట్టి పుల్ల విరగలేదు. పొడుగువి రెండు తెల్లబడ్డాయి గానీ ఇంకా పనిచేస్తున్నాయి.

పెట్టెకి అయిదులో నాలుగు ఇస్తాను, లోపలి కాగితానికి ఒకటి. ఒక్క పిల్లకైతే ఒక పెట్టె చాలు. పది మందికైతే రెండు తీసుకోండి, లేదా నల్ల బంతులూ పొడుగు పుల్లలూ విడిగా అడగండి. విడి పొట్లాలు వారంలో తెప్పిస్తానని కొట్టతను నాతో అన్నాడు. ఆ స్టైరీన్‌ని మేం విప్పలేదు. నాన్నమ్మకి చూపిస్తానని ఆ అమ్మాయి ఇంటికి పట్టుకెళ్ళింది. అందుకని మా దగ్గర ఇప్పుడు నల్లవి నాలుగే ఉన్నాయి.